నీరుగంటి మేర

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవుడి గుడి ముందర నిలిపిన రెండు రాతిపలకల మీద ఒక చెరువు పుట్టుక రాసి ఉంది. కాలం 1369. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఆయనకే భవదూరుడని ఇంకో పేరు, ఉదయగిరి నుంచి ఈ సీమను ఏలుతూ కట్టించిన చెరువు అది. అనంతరాజసాగరం అని పేరు పెట్టారు. శాసనం సంస్కృతంలో ఉంది. దేవతల స్తుతి, వంశావళి, జలదానం వల్ల వచ్చే పుణ్యం అన్నీ అయ్యాక పని సంగతి మొదలవుతుంది. రోజుకు వెయ్యిమంది మనుషులు పనిచేశారు, రాయి తోలడానికి వంద బండ్లు కట్టారు, పూర్తికావడానికి రెండేళ్లు పట్టింది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ కూడా అదే రాతి మీద ఉన్నాయి.

పన్నెండు లక్షణాల్లో ధర్మం తెలిసిన రాజు ఒకటి, నీటిశాస్త్రం చదివిన పండితుడు ఒకటి. మిగిలినవి ఏటి ఒడ్డున నిలబడి చూసి చెప్పినట్టుంటాయి. గట్టి బంకమన్ను నేల, మూడు యోజనాల దూరం నుంచి తీపినీళ్లు తెచ్చే ఏరు, ఆ ఏటిని ఆనుకున్న కొండ, కొండల సందున రాతితో బిగించిన కట్ట, అది మరీ పొడుగు కాకూడదు, గట్టిగా ఉండాలి. వెడల్పూ లోతూ ఉన్న చెరువు కడుపు, దగ్గర్లో తిన్నని పొడవాటి రాళ్లు దొరికే గని, కట్టకింద చదునైన సారవంతమైన పొలం. కట్ట కట్టడంలో చేయితిరిగిన మనుషుల గుంపు. ఇక దోషాలు: కట్టలోంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు పడటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం.

సుక్తంకర్ ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా పద్నాలుగో సంపుటంలో ప్రకటించాక చెరువుల చరిత్ర రాసిన వాళ్లలో దీన్ని తలవనివాళ్లు తక్కువ. నాకు మాత్రం ఎప్పుడు చదివినా ఒక్క సంగతి మనసులో మిగిలిపోతుంది. ఆ వెయ్యిమందీ పని ముగించుకుని ఇళ్లకు పోయాక కట్టమీద ఎవరు తిరిగారు? మట్టికట్ట ఆరున్నర శతాబ్దాలు తనంతట తాను నిలవదు. ఎలుక తవ్వుతుంది, ఎండ్రకాయ తవ్వుతుంది, వాన కోస్తుంది, గొడ్డు తొక్కుతుంది. ఏటేటా ఎవరో ఒకరు పూడ్చాలి. ఆ పూడ్చినవాడికి కూడు ఎక్కడినుంచి వచ్చింది?

మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో చెరువు సంఘాలు పెట్టించే ఒక స్వచ్ఛంద సంస్థలో నేను చాలాకాలం పనిచేశాను. మా పనిలో ఎక్కువభాగం పూడిక తీయించడం, తూము బాగుచేయించడం, వంకల్లో అడ్డొచ్చిన కంప కొట్టించడం. చెరువును కాపాడే సంస్థల గురించి, వాటి సేవాభావం గురించి మాట్లాడేటప్పుడు ఆ పని మనతోనే మొదలైందన్న ధోరణి వచ్చేస్తుంది. అది తప్పని నా నమ్మకం. రాయలసీమ పల్లెల్లో అలాంటి ఏర్పాటు శతాబ్దాలపాటు నడిచింది. అది దయ మీద నడవలేదు. చేసిన పనికి తిండిగింజలు కొలిచే పద్ధతి మీద నడిచింది. ఆ కొలత ఎప్పుడు, ఎవరి చేతుల్లో ఆగిపోయిందో తెలిస్తే చెరువులు ఎందుకు పాడయ్యాయో సగం తెలిసినట్టే.

ఆ ఏర్పాటులో పైమెట్టు దశబంధం. చెరువు కట్టినవాడికో, తెగిన చెరువును మళ్లీ నిలబెట్టినవాడికో, ఆ చెరువు కిందే కొంత మడి మాన్యంగా ఇచ్చేవారు. ప్రతిగా వాడూ వాడి సంతతీ చెరువును చూసుకోవాలి. విజయనగర కాలపు శాసనాల్లో ఈ మాట మళ్లీమళ్లీ కనిపిస్తుంది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు ప్రాంతాల్లో చెరువులు ఇంత చిక్కగా పుట్టడానికి రాజుల ఉదారత ఒక్కటే కారణమైతే లెక్క సరిపోదు. పెద్ద చెరువులు రాజులూ మంత్రులూ కట్టించారు. పండమేరుకు అడ్డంగా 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప వొడెయరు కట్టించిన అనంతసాగరం, బుక్కరాయసముద్రం అలాంటివి. కానీ ఊరూరా ఉన్న యాభై ఎకరాల చెరువు, ఇరవై ఎకరాల కుంట ఎవరు తవ్వించారు? ఊరి పెద్దకాపో, గుడి స్థానికుడో, నాలుగు డబ్బులున్న సెట్టో. మాన్యం వస్తుందన్న ఆశ వాళ్లకుండేది. ఆ ఆశలో నాకు తప్పేమీ కనిపించదు. చెరువు నిండితే మాన్యం పండుతుంది, చెరువు తెగితే అందరి మడితోపాటు వాడి మాన్యమూ ఎండుతుంది. చూసుకోవాల్సినవాడి అన్నం కూడా చెరువులోనే ఉంచిన పద్ధతి అది.

కిందిమెట్టు నీరుగంటి. చెరువుల గురించి రాసేవాళ్లు రాజు దగ్గర ఆగినంతసేపు నీరుగంటి దగ్గర ఆగరు. నేను ఆగదలుచుకున్నాను.

తెలంగాణలో ఇతన్నే నీరటి అంటారు, నీరడి అంటారు. ఆయకట్టులో ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో తేల్చేది ఇతను. తూము తెరిచేది, మూసేది, కాలవల్లో గడ్డి తీసేది, గట్లు తెగ్గొట్టినవాణ్ణి పట్టేది ఇతనే. మా సంస్థ పనిచేసిన ఒక ఊళ్లో అలాంటి పెద్దాయన ఒకరుండేవారు. నేను తాతా అనేదాన్ని. పాత తూము ఎలా పనిచేసేదో ఆయన నాకు చెరువు ఎండినప్పుడు దగ్గరుండి చూపించాడు.

కట్టకు లోపలివైపు, చెరువు కడుపులో, రెండు రాతికంబాలు నిలబడి ఉంటాయి. వాటి మధ్య అడ్డంగా మూడు బండలు ఒకదానికింద ఒకటి. ప్రతి బండకూ నడుమ ఒక బెజ్జం. ఆ బెజ్జాల్లోంచి నిలువుగా ఒక పొడుగాటి కర్ర దిగుతుంది. కర్ర అడుగున చెక్కతో చెక్కిన గుండు. అడుగునున్న రాతిపెట్టెకు గుండ్రటి కంత. గుండు కంతలో కూర్చుంటే తూము మూసినట్టు, లేస్తే నీళ్లు రాతిపెట్టెలోకి దూకి, కట్టకింద నుంచి సొరంగంలా పోయి, అవతల కాలవలో పడతాయి. కర్రను ఎంత పైకి లేపి మేకు దిగ్గొడితే అంత నీరు. పై బండమీద వేళ్లతో తడిమితే గీతలు తగిలాయి. తొలకరికి ఎంత వదలాలి, వరి పొట్టమీదున్నప్పుడు ఎంత వదలాలి అన్నదానికి అవి గుర్తులట. ఆయన తండ్రి కొట్టినవి కొన్ని, అంతకుముందున్నవి కొన్ని. చెరువు నిండుగా ఉన్నప్పుడు గుండు వంకరగా కూర్చుంటే మునిగి, కాలితో తడిమి చూసి, చుట్టూ బంకమన్ను అదిమి పైకి రావాలి. ముసురు పట్టిన రోజుల్లో చేసే పని ఇది. నీళ్ల ఒరవడికి కాలు ఆ కంత వైపు లాక్కుపోయేదని ఆయన చెప్పినప్పుడు ఆ రాతిపెట్టె పక్కన నిలబడి ఉన్న నాకు ఒళ్లు జలదరించింది.

వాన రాత్రుళ్లు కట్టమీద తిరగడం ఇంకో పని. లాంతరు పట్టుకుని కట్ట వెలుపలివైపు నడవాలి. చెమ్మ ఎక్కడ కొత్తగా కనిపిస్తోంది, ఊట నీరు తేటగా వస్తోందా, మన్ను కలిసి వస్తోందా అని చూడాలి. తేటనీరైతే తెల్లారేదాకా ఆగొచ్చు. ఎర్రనీరైతే కట్ట లోపల కరుగుతోందని అర్థం. అప్పుడు తప్పెట కొట్టించాలి. ఇంటికొకరు పార, తట్ట, గడ్డిమోపు, కంపమండలు పట్టుకుని పరుగెత్తుకు రావాలి. ఆ రాత్రి రానివాడికి కులం కట్టుబాటుంది, ఊరి తప్పుంది.

ఇంత పనికీ నీరుగంటికి ముట్టేది మేర. కళ్లంలో కుప్ప నూర్చి, తూర్పారబట్టి, రాశి పోశాక, గింజలు ఇంటికి తోలకముందే మేరలు కొలిచేవారు. మంగలి, చాకలి, వడ్లంగి, కమ్మరి, తలారి, నీరుగంటి వరసగా నిలబడేవాళ్లు. నీరుగంటికి ప్రతి మడి మీదా ఇంత అని లెక్క, కోతనాడు ఒక వరికట్ట అదనం. కొన్ని ఊళ్లలో దీనికితోడు తూము దగ్గరే కొంచెం మాన్యం మడి కూడా ఉండేది. ఎవరో ఒక్క ఆసామి ఇచ్చే జీతమైతే ఆ ఆసామి మాట వినాల్సి వచ్చేది. ఆయకట్టు మొత్తం నుంచి వచ్చే మేర కాబట్టి చివరి మడి ఎండితే నీరుగంటికీ నష్టమే. కింది మడిదాకా నీళ్లు పారించడంలో అతని గింజలున్నాయి.

నీరుగంటులు ఎక్కువ ఊళ్లలో దళిత కుటుంబాలవాళ్లు. సొంత మడి లేనివాడైతే పక్షపాతం ఉండదని అలా పెట్టారని పెద్దలు చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ మొత్తం నిజం లేదు. చెరువులో ప్రాణానికి తెగించి మునిగేవాడికి ఆ చెరువు కింద సెంటు భూమి ఉండకపోవడం, మేర కోసం కళ్లంలో దూరంగా నిలబడాల్సి రావడం, పెద్దకాపు అర్ధరాత్రి పిలిచి తూము తెరవమంటే కాదనడానికి ధైర్యం చాలకపోవడం, ఇవన్నీ ఆ ఏర్పాటులోనే ఉన్నాయి. పాత పద్ధతిని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి దాటవేసే పుస్తకాలు చదివితే నాకు కోపం వస్తుంది. పనికి విలువ కట్టిన పద్ధతిని తీసుకుని, మనిషికి విలువ కట్టని పద్ధతిని వదిలేయాలి. రెండూ విడదీయలేనంతగా కలిసిపోలేదు.

అనంతపురం చెరువు కట్టకు గండిపడితే ఊరికోసం ప్రాణమిచ్చిందని చెప్పుకునే బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మ కథ సీమలో అందరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి ఆమె మీద కావ్యమే రాశారు. ముసలమ్మకు గుడి ఉంది, పూజ ఉంది. ఆ కథ వెనక ఉన్న భయం నిజమైంది. కట్ట తెగితే ఊరు పోతుంది. కానీ త్యాగం ఒక్కసారి జరుగుతుంది, కట్ట ఏటా కారుతుంది. ఏటా మన్ను వేసినవాళ్లకు కావ్యాలు లేవు.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. తొలి ఏడేళ్లు థామస్ మన్రో కలెక్టరుగా పన్ను నిర్ణయించాడు. తడి భూమి అంటే ఎక్కువ పన్ను, ఆ తడికి మూలం చెరువు, కాబట్టి చెరువు సర్కారుదైంది. పన్ను సర్కారుకు, మరమ్మతు మాత్రం ఊరికి. అక్కడే తాడు తెగడం మొదలైంది. మాన్యాలన్నీ ఆదాయానికి కన్నాలుగా కనిపించాయి. 1858 తర్వాత ఇనాం కమిషన్ ఒక్కొక్క మాన్యానికీ హక్కు విచారించి పత్రాలు రాసింది. కాగితం మీద దశబంధానికి చెరువు చూడాలన్న షరతు నిలిచింది. భూములు భాగాలు పంచుకున్నారు, అమ్ముకున్నారు, తాకట్టు పెట్టారు. కొన్నవాడికి మడి కావాలి, పూడిక ఎందుకు?

అదే 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఆనవాయితీగా చెరువు పనికి రావాల్సిన మనిషి రాకపోతే, ఆ కూలి విలువకు రెట్టింపు అతని దగ్గర వసూలు చేయొచ్చు. ఈ ఆనవాయితీ పనికి దస్త్రాల్లో కుడిమరమ్మతు అని పేరు. పల్లెవాళ్లు తమంతట తాము చేసుకుంటున్న పనికి జరిమానా చట్టం ఎందుకు అవసరమైంది? అప్పటికే వాళ్లు రావడం మానేశారు కనుక. తమ చెరువు తమది కాకపోయాక, అందులోంచి వచ్చే గింజలో తమ వాటా తగ్గిపోయాక, తట్ట పట్టుకుని రమ్మంటే ఎవరొస్తారు? ఆ చట్టం చూసి పల్లెవాళ్లకు సమష్టి బుద్ధి తగ్గిందని రాసిన అధికారులున్నారు. తగ్గింది కూలి.

1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువు సీమను ఊడ్చేసింది. లక్షలమంది చచ్చారు. తర్వాత కూర్చున్న కరువు కమిషన్ చెరువుల గతి చూసింది, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. పథకం మంచిదే. సర్వే చేశారు, కట్టల ఎత్తులు కొలిచారు, అలుగుల మట్టాలు రాశారు. ఇప్పటికీ కొన్ని చెరువులకు ఉన్న మంచి పటాలు ఆనాటివే. కానీ ఆ పటాల్లో నీరుగంటి లేడు. ఎస్టిమేట్లో కట్ట ఉంది, రాయి ఉంది, తూము ఉంది. తూము తెరిచేవాడి మేర ఎవరిస్తారన్న గడి లేదు. స్వతంత్రం వచ్చాక కూడా మనం ఆ ఎస్టిమేట్ కాగితం మీదే రాసుకుంటూ వచ్చాం.

తర్వాతి కథ త్వరగా చెప్పొచ్చు. 1956లో ఆంధ్ర ప్రాంతానికి ఇనాముల రద్దు చట్టం వచ్చింది. వంద ఎకరాల లోపు ఆయకట్టున్న చెరువులు పంచాయతీలకు, అంతకు పైబడినవి నీటిపారుదల శాఖకు పోయాయి. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తరతరాల దొరతనం పోవడం పల్లెకు ఊపిరి. నీటి వంతుల లెక్క రాసే చేయి మాత్రం వాళ్లతోపాటే పోయింది, దాని బదులు ఇంకొకటి రాలేదు.

అసలు దెబ్బ బోరు. ఎనభైల తర్వాత సీమలో బోర్లు పెరిగాయి, చెరువు కింద మడి ఉన్నవాడు కూడా చెరువు మీద ఆధారపడటం మానేశాడు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. చిత్తూరు, అనంతపురం పల్లెల్లో అప్పటికే ఒక వింత జరుగుతోంది. ఆయకట్టు రైతులంతా కూర్చుని, తూము శాశ్వతంగా మూసేద్దామని ఒప్పుకుంటున్నారు. చెరువులో నీళ్లు నిలిస్తే కట్టకింద బోర్లలో ఊరతాయి, ఎవరి మోటారు వాళ్లు వేసుకోవచ్చు. వానలు తగ్గిన సీమలో లెక్క ప్రకారం అది తెలివితక్కువ పని కాదు. కానీ బోరు వేయించుకోలేని చిన్నరైతు మడి ఆ ఒక్క తీర్మానంతో మెట్టగా మారింది. నీరుగంటి పని అదే రోజు ఆగింది.

“తూము తెరిస్తేనే కదమ్మా వాళ్ల మడి తడిసేది, నాకు మేర వచ్చేది,” అన్నాడు తాత. “తూముకు సిమెంటు పోసేసినారు. ఇంగ నన్నెవరు తలుచుకుంటారు? అయినా వానొస్తే నిద్ర పట్టదు. లేసి కట్టమీదికి పోతాను. పోయి ఏం చేస్తాను? చూసి వస్తాను.”

స్వచ్ఛంద సంస్థలు చెరువుల దగ్గరికి వచ్చింది ఈ దశలో. మదురైలో 1992లో ప్రదాన్ సంస్థ లోపల మొదలైన చెరువుల పని, 1997లో ధాన్ ఫౌండేషన్ అయ్యాక తమిళనాడు దాటి మన వైపుకూ వచ్చింది. ఆయకట్టుదార్ల సంఘాలను వాళ్లు వయలగం అంటారు. పూడిక తీసేముందే ఖర్చులో కొంత వాటా రైతులే పెట్టుకోవాలని పట్టుబట్టడం, ఒక్కొక్క చెరువుకు మూలనిధి పెట్టి దాని వడ్డీతో ఏటేటా చిన్నచిన్న మరమ్మతులు చేయించడం వాళ్ల పద్ధతి. నేను చూసిన ఏర్పాట్లలో దశబంధం ఆలోచనకు దగ్గరగా వచ్చింది ఇదే. మాన్యం మడి బదులు బ్యాంకులో నిధి. ధాన్ వాళ్ల పనిలో నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి. కానీ ఈ ఒక్క ముడి వాళ్లు సరిగా పట్టుకున్నారు.

గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా 2001లో నమోదైన ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ మదనపల్లె వైపు చెరువు కన్నా పైకి చూసింది. గుట్ట బోడిదైతే వంకలో వచ్చేది మన్నే కాబట్టి, ఊరి ఉమ్మడి గుట్టల మీద ఊరివాళ్లకే పెత్తనం ఉండేలా కమిటీలు పెట్టించింది. చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990లో 32 ఎకరాల బీడులో మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ కూడా గుట్టలు పచ్చబడితే నీళ్లు నిలుస్తాయన్నది అనంతపురం జిల్లాలో కళ్లకు కట్టి చూపించింది. ఆ తర్వాత కల్పవల్లి పేరుతో కొన్ని ఊళ్లు తమ ఉమ్మడి గడ్డిభూములను కలిసి కాపాడుకున్నాయి. అక్కడ కాపలా తిరిగేవాళ్లు ఊరివాళ్లే. మంటలు లేచే వేసవిలో వాళ్లు పడే తిప్పలు చూసినవాళ్లెవరూ దాన్ని ఊరికే చేసే సేవ అనరు.

ప్రభుత్వమూ ఊరుకోలేదు. 1997లో రైతుల చేతికే సాగునీటి నిర్వహణ ఇచ్చే చట్టం చేసింది. ఉమ్మడి రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. అంతమంది రైతులు ఒక్కసారిగా నీటి కోసం ఓటేయడం చిన్న విషయం కాదు. 2015లో తెలంగాణ మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు చెరువులూ కుంటలూ లెక్కపెడితే 46,531 తేలాయి. రైతులు సొంత ట్రాక్టర్లతో పూడికమట్టి పొలాలకు తోలుకున్నారు. ఆ వేసవుల్లో ఊళ్లలో కనిపించిన ఉత్సాహం నిజమైంది. కానీ అంత పెద్ద పథకంలో కూడా మట్టి తీసే మిషన్‌కు గంట లెక్క ఉంది, మట్టి తీశాక కట్ట చూసేవాడికి నెల లెక్క బలంగా లేదు. మన సంస్థల పద్దులూ అంతే. నేను రాసిన ప్రతిపాదనల్లోనే తూము కాపలాకు డబ్బు అడిగితే, అది నిరంతర ఖర్చు, మేం ఆస్తులకే ఇస్తాం అని దాతలు కొట్టేసేవారు. కట్ట ఆస్తి, కట్టను బతికించేవాడు ఖర్చు. ఆ లెక్కే 1883 నుంచి నడుస్తోంది.

శాసనం చెప్పిన దోషాల్లో మూడోది నాకు తరచూ గుర్తొస్తుంది, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు. ఇప్పుడు ప్రతి చెరువూ పొలిమేరలోనే ఉంది. నీరు వచ్చే గుట్ట అటవీశాఖది. చెరువు కడుపు రెవెన్యూది. కట్టా తూమూ పంచాయతీవో, నీటిపారుదల శాఖవో. చేపలు పంచాయతీవో, మత్స్యశాఖ పరిధిలోని సంఘానివో. కట్టమీద రోడ్డు వేస్తే అది ఇంకొకరిది. శిఖం భూమిలో, అంటే చెరువు మునక నేలలో, ఎవరైనా గుడిసె వేసినా, ప్లాటు వేసినా కాగితం నాలుగు బల్లల మీద తిరుగుతుంది, ఈలోగా నీళ్లొచ్చే దారి మూసుకుపోతుంది.

మొదటి దోషం 2021 నవంబరులో తిరుపతి దగ్గర అందరూ చూశారు. ఆ నెల కురిసిన వానలకు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఊళ్లు మునిగాయి. కొద్దిరోజులకే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టలోంచి నీరు ఊరుతోందని తెలిసింది. కింది ఊళ్లు ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు, ఇంజనీర్లు రాత్రింబవళ్లు కట్టమీదే ఉన్నారు. కట్ట నిలిచింది. ఆ వార్తలు చూస్తున్నంతసేపూ నాకు తాత చెప్పిన తేటనీరు, ఎర్రనీరు తేడా చెవిలో తిరుగుతూనే ఉంది. అలాంటి చూపు ఏళ్లతరబడి ఒకే కట్టమీద తిరిగితేనే అబ్బుతుంది.

తాత పోయారు. ఆ ఊరి సంఘం తర్వాత ఒక పని చేసింది, దాని గురించి చెప్పి ముగిస్తాను. రెండు మంచి వానలు పడి చెరువు నిండి మరవ పారింది. చేపల వేలం బాగా పలికింది. సంఘం పెద్దలు పంచాయతీతో మాట్లాడుకుని, వేలం డబ్బులో మూడోవంతు చెరువు ఖాతాలో వేయాలని, అందులోంచి నీరుగంటికి ఏడాదికింతని ఇవ్వాలని తీర్మానం రాశారు. తూము మీద పోసిన సిమెంటు కొట్టించి ఇనుప గేటు పెట్టించారు. పనికి తాత తమ్ముడి మనవణ్ణి అడిగారు. ఆటో నడుపుకునే కుర్రాడు. వెంటనే ఒప్పుకోలేదు. మూడు షరతులు పెట్టాడు. డబ్బు కళ్లం దగ్గర అడుక్కోవడం ఉండదు, ఖాతాలో పడాలి. వానాకాలానికి మంచి టార్చిలైటు, బూట్లు ఇవ్వాలి. గేటు తాళం తన దగ్గరే ఉండాలి, సంఘం పుస్తకంలో రాసిన వంతు తప్ప ఇంకెవరు చెప్పినా తీయడు.

మొదటి రెండూ పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. మూడో దానిమీద రాత్రి పొద్దుపోయేదాకా గొడవ. పై మడుల ఆసాములు లేచి వెళ్లిపోయారు, మళ్లీ వచ్చారు. మధ్యలో నన్ను అడిగారు. తాళం అతని దగ్గర లేకపోతే మీరు జీతగాణ్ణి పెట్టుకుంటున్నట్టే, నీరుగంటిని పెట్టుకున్నట్టు కాదు అన్నాను. చివరికి కింది మడుల ఆడవాళ్లు పట్టుబట్టడంతో రాసుకున్నారు. అందరూ సంతకాలు పెట్టారు, వేలిముద్రలు వేశారు.

తర్వాతి ఏడాది వాన పడలేదు. చెరువులో నీళ్లు లేవు, చేపలు లేవు, వేలం లేదు. నీళ్లు వదలనివాడికి డబ్బెందుకన్నారు కొందరు. ఎండిన ఏడాదే కట్టమీద కంప కొట్టాలి, బొరియలు తవ్వి పూడ్చాలి, తూము పెట్టెలో ఒండ్రు తీయాలి, నిండినప్పుడు ఆ పనులు చేయలేం కదా అన్నాడు అతను. సంఘం ఖాతాలో పాత నిల్వ కొంత ఉంది. సగం ఇద్దామని కొందరు, మొత్తం ఇవ్వాలని కొందరు. అతను సగం పుచ్చుకుని, మిగతా సగం బాకీ అని పుస్తకంలో రాయించాడు.